బండి ఎక్కడ ఆపాలి? బెంగళూరులో పార్క్ అండ్ రైడ్ ఎవరికి కలిసొస్తుంది

మదనపల్లె నుంచి చింతామణి మీదుగా వచ్చేవాళ్ళకి బెంగళూరు తూర్పు శివారులోని హొసకోటె దాకా ప్రయాణం హాయిగా సాగుతుంది. అక్కడి నుంచి కేఆర్ పుర దగ్గరి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ చేరేసరికి మాత్రం, ఊరి నుంచి ఇంతదూరం వచ్చిన టైములో సగం ఇక్కడే పోయిందేమో అనిపిస్తుంది. మేం ఉండేది ఆ హొసకోటె వైపే. అపార్ట్‌మెంట్లో సగం మంది తెలుగువాళ్ళం. చిత్తూరు, అనంతపురం, కడప, ఒకరిద్దరు గుంటూరు. ఎవరు కొత్తగా దిగినా నెల తిరక్కుండా ఒకే ప్రశ్న అడుగుతారు: "అన్నా, కారు మెట్రో దగ్గర పెట్టేసి పోతే కలిసొస్తుందా?"

అందరికీ ఒకటే జవాబు చెప్పే వీల్లేదు. నేను పూర్తిగా కారులో తిరిగాను, పూర్తిగా బైకు మీద తిరిగాను, రెండింటినీ విడివిడిగా మెట్రోతో కలిపి చూశాను, కొన్నాళ్ళు బండి జోలికే పోకుండా బస్సు, మెట్రోలతో నెట్టుకొచ్చాను. అడిగినవాళ్ళకి ఇప్పుడు మూడు ఎదురుప్రశ్నలు వేస్తున్నాను. మీ ఆఫీసు మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉందా? మీ దారిలో జామ్ ఎక్కడ మొదలవుతుంది? ఇప్పుడు మీరు వెళ్తున్నది కారులోనా, బైకు మీదా? ఈ మూడూ తెలిస్తే మిగతాది కూడికలు, తీసివేతలే.

ముందు అవతలి చివర చూసుకోండి

పార్క్ అండ్ రైడ్, అంటే బండి స్టేషన్లో పెట్టి అక్కడి నుంచి మెట్రో ఎక్కడం, అనగానే అందరి ధ్యాసా ఇంటి దగ్గర స్టేషన్లో పార్కింగ్ దొరుకుతుందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. నిజానికి ప్లాను తన్నేసేది రెండో చివర. ఇంటి దగ్గర మీ చేతిలో బండి ఉంటుంది. ఆఫీసు దగ్గర దిగాక ఉండదు. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు ఆటో ఎక్కాలంటే పోయిన లెక్కే. 2025 ఆగస్టు నుంచి ఇక్కడ ఆటో మీటరు మొదటి రెండు కిలోమీటర్లకి 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 18. మీటరు మీద వచ్చే ఆటో దొరకడం మీ అదృష్టం. రెండు పూటలా అలా వెళ్తే మెట్రో టికెట్లకి తోడు ఆటో ఖర్చు కూడా తడిసి మోపెడవుతుంది.

అందుకే ఎంజీ రోడ్డు, కబ్బన్ పార్క్, విధానసౌధ, మెజెస్టిక్, ఇందిరానగర్, జయనగర్ చుట్టుపక్కల పనిచేసేవాళ్ళకి నేను ధైర్యంగా మెట్రో చెప్తాను. వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కుల్లోనూ చాలావాటికి పట్టందూరు అగ్రహార, నల్లూరుహళ్ళి, కుందలహళ్ళి స్టేషన్ల నుంచి నడిచిపోవచ్చు. ఎలక్ట్రానిక్ సిటీకి 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చింది కాబట్టి దాన్నీ ఈ జాబితాలో కలపొచ్చు. కానీ లోపలి ఫేజుల్లో ఆఫీసు ఉంటే కంపెనీ షటిల్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

మారతహళ్ళి, బెళ్ళందూరు, కాడుబీసనహళ్ళి వాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్లూ లైన్ పనులు నడుస్తున్నాయి, రైలు మాత్రం ఇంకా నడవడం లేదు. కేఆర్ పుర స్టేషన్లో దిగి అక్కడి నుంచి బస్సు పట్టుకునేవాళ్ళు ఉన్నారు. రింగ్ రోడ్డు పొడవునా 500 నంబరు బస్సులు బాగానే తిరుగుతాయి. అయితే ఆ బస్సు కూడా మీ కారు ఇరుక్కున్న జామ్‌లోనే ఇరుక్కుంటుంది. ఈ రూట్లో బండి స్టేషన్లో పెట్టి, మెట్రో ఎక్కి, దిగి, మళ్ళీ బస్సెక్కడం అంటే మూడు క్యూలు. నా మాట వింటే ఆ లైను తెరిచేదాకా కంపెనీ క్యాబో, ఇంటి దగ్గర ఎక్కితే ఆఫీసు దగ్గర దింపే ఒకే బస్సో చూసుకోవడం మేలు.

దగ్గరి స్టేషన్ కాదు, జామ్‌కి ముందున్న స్టేషన్

దీన్ని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదట్లో మ్యాపులో చూసి కేఆర్ పుర స్టేషన్ దగ్గర బండి పెడదామనుకున్నాను. పాత మద్రాసు రోడ్డు మీద నేరుగా పోతే వచ్చేస్తుంది, టికెట్ కూడా తక్కువ. రెండు వారాలు పోయి చూశాక అర్థమైంది. నేను తప్పించుకోవాలనుకున్న జామ్ మొత్తం ఆ స్టేషన్‌కి ఇవతలే ఉంది! తీగల వంతెన ముందు ముప్పావు గంట నిలబడి, ఆ తర్వాత దర్జాగా మెట్రో ఎక్కేవాణ్ణి. పెళ్ళి అయిపోయాక బాజాలు మోగించినట్టు.

అప్పుడు దారి మార్చాను. హొసకోటె నుంచి కాడుగోడి రోడ్డు పట్టుకుని పర్పుల్ లైన్ చివరి స్టేషన్ వైట్‌ఫీల్డ్ కాడుగోడికి పోవడం మొదలుపెట్టాను. దూరం పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. టికెట్ కూడా కాస్త ఎక్కువ. అయినా బండి కదులుతూ ఉంటుంది, చివరి స్టేషన్ కాబట్టి కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకి పర్పుల్ లైన్లో సీటు అంటే చిన్న విషయం కాదు. కేఆర్ పురలో ఎక్కేవాళ్ళకి నిలబడే చోటు దొరికినా గొప్పే.

ఈ సూత్రం ఏ దిక్కుకైనా పనికొస్తుంది. తుమకూరు రోడ్డు మీద నెలమంగల వైపు నుంచి వచ్చేవాళ్ళు ఒకప్పుడు నాగసంద్ర దాకా రావాల్సి వచ్చేది. 2024 నవంబరులో గ్రీన్ లైన్‌ని మాదావర దాకా పొడిగించారు కాబట్టి ఇప్పుడు అంత లోపలికి రానక్కర్లేదు. మైసూరు రోడ్డు వాళ్ళకి చల్లఘట్ట, కెంగేరి ఉన్నాయి. బిడది నుంచి వస్తూ మైసూర్ రోడ్ స్టేషన్ దాకా కారు లాక్కురావడం అనవసరం. అత్తిబెలె, చందాపుర వైపు, అంటే హోసూరు దారిలో ఇళ్ళు కొన్నవాళ్ళు బొమ్మసంద్రలోనే ఆగిపోవాలి. అక్కడ ఆగితే సిల్క్ బోర్డు జంక్షన్ జామ్ మొహం చూడకుండా ఆర్‌వీ రోడ్డు చేరి గ్రీన్ లైన్‌కి మారొచ్చు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఎల్లో లైన్ స్టేషన్లు చాలావరకు హోసూరు రోడ్డు మధ్యలో స్తంభాల మీద కట్టినవి. వాటి కింద ఖాళీ స్థలం ఎక్కడిది? ఓ ఆదివారం ఖాళీగా వెళ్ళి, బండి ఎక్కడ పెట్టాలో చూసుకున్నాకే సోమవారం నుంచి మొదలుపెట్టండి.

డబ్బు లెక్క

హొసకోటె దగ్గర మా ఇంటి నుంచి ఎంజీ రోడ్డుకి పోనూ రానూ యాభై రెండు, యాభై మూడు కిలోమీటర్లు. పెట్రోలు లీటరు వంద పైనే. ట్రాఫిక్‌లో నా కారు లీటరుకి పన్నెండు ఇస్తే దేవుడు మేలు చేసినట్టు. అంటే రోజుకి సుమారు 450 రూపాయల పెట్రోలు. ఎంజీ రోడ్డు చుట్టుపక్కల రోజంతా కారు పెట్టినందుకు అయ్యేది దీనికి అదనం. ఆఫీసులోనే పార్కింగ్ ఇస్తే ఆ ఖర్చు తప్పుతుంది, కానీ ఆ అదృష్టం మేనేజర్లకే.

ఇప్పుడు కారు కాడుగోడిలో పెట్టి మెట్రోలో వెళ్తే? రోడ్డు మీద ఇరవై నాలుగు కిలోమీటర్లే, అదీ కాస్త ఖాళీ రోడ్డు. పెట్రోలు 165 అనుకుందాం. 2025 ఫిబ్రవరిలో చార్జీలు పెంచాక ఇరవై నుంచి ఇరవై ఐదు కిలోమీటర్ల దూరానికి టికెట్ 80 రూపాయలు. పాతిక దాటితే 90, అదే గరిష్ఠం. అంతకు ముందు గరిష్ఠం 60 ఉండేది కాబట్టి అప్పట్లో జనం మండిపడ్డారు. స్మార్ట్ కార్డుకి ఐదు శాతం తగ్గింపు ఉంది, అంటే రెండు పూటలా కలిపి 152. మెట్రో పార్కింగుల్లో చాలాకాలంగా నడుస్తున్న రేటు కారుకి మొదటి నాలుగు గంటలకి 30, రోజంతా అయితే 60. మొత్తం 380 దాకా వస్తుంది. కారు వాళ్ళకి రోజుకి డెబ్భై ఎనభై రూపాయలు మిగులుతుంది, నగరంలో పార్కింగ్ డబ్బు కట్టేవాళ్ళకి ఇంకా ఎక్కువ మిగులుతుంది. క్లచ్ తొక్కి తొక్కి మోకాలు నొప్పెట్టకపోవడం దీనికి కొసరు.

బైకు లెక్క వేసినప్పుడు మాత్రం నాకే నవ్వొచ్చింది. లీటరుకి నలభై ఐదు ఇచ్చే బండి మీద ఇంటి నుంచి ఆఫీసు దాకా పోయి వస్తే 125 రూపాయలు కూడా కాదు. అదే బండిని కాడుగోడిలో పెట్టి మెట్రో ఎక్కితే పెట్రోలు 55, పార్కింగ్ 30, టికెట్లు 152, మొత్తం 237. అంటే దాదాపు రెండింతలు. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్ళకైతే తేడా మరీ ఎక్కువ. కాబట్టి బైకు వాళ్ళకి ఎవరైనా "డబ్బు ఆదా" అని పార్క్ అండ్ రైడ్ అమ్మితే కొనకండి. దానికి పెట్టే వంద రూపాయలు నడుముకీ, ఊపిరితిత్తులకీ, వానాకాలంలో తడవకుండా ఆఫీసు చేరడానికీ. నలభై దాటినవాళ్ళకి ఆ బేరం గిట్టుబాటే అంటాను. పీజీలో ఉంటూ ఇంటికి డబ్బు పంపే పాతికేళ్ళ కుర్రాడికి నేను ఆ మాట చెప్పలేను.

ఇద్దరు కలిసి కారులో వెళ్తే లెక్క మళ్ళీ తిరగబడుతుంది. కారుకి పెట్రోలు ఒక్కటే, మెట్రోకి టికెట్లు రెండు. భార్యాభర్తల ఆఫీసులు ఒకే వైపు ఉంటే, ఆఫీసులో పార్కింగ్ కూడా ఉంటే, నేరుగా కారులో పోవడమే చవక. టైము సంగతి వేరు. కాడుగోడి నుంచి ఎంజీ రోడ్డుకి మెట్రోలో ముప్పావు గంట, వానొచ్చినా మంత్రిగారి కాన్వాయ్ వచ్చినా అదే ముప్పావు గంట. కారులో అయితే గంటా పావు నుంచి రెండున్నర గంటల దాకా ఎంతైనా కావచ్చు. నాకు విసుగు పుట్టించేది ఆలస్యం కంటే, ఎంత ఆలస్యమవుతుందో తెలియకపోవడమే. పది గంటల మీటింగ్‌కి ఎనిమిదింటికే బయల్దేరి, తొమ్మిదీ పావుకే చేరి, ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డ రోజులు ఎన్నో.

స్టేషన్ పార్కింగ్‌లో ఎదురయ్యేవి

చోటు. పెద్ద పార్కింగ్ అనగానే గుర్తొచ్చేవి బైయ్యప్పనహళ్ళి, నాగసంద్ర లాంటివి. ఎంజీ రోడ్డు లాంటి నడిబొడ్డు స్టేషన్లలో అసలు ఆశపడొద్దు. పార్కింగ్ ఉన్నచోట కూడా కారుకి తొమ్మిది తర్వాత గ్యారంటీ లేదు. ఒకసారి పావు తక్కువ పదికి ఒక స్టేషన్‌కి పోతే గేటు దగ్గరే "ఫుల్ ఆగిదె సార్" అన్నాడు. పక్కనే ఖాళీ సైటులో ఎవరో తాడు కట్టి నడుపుతున్న ప్రైవేటు పార్కింగ్‌లో పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి నా కారు ముందు రెండు కార్లు. తాళాలు తీసుకున్న మనిషి భోజనానికి పోయాడు. మనిషికోసం గంట ఎదురుచూశాను. మెట్రోలో మిగిలిన టైమంతా అక్కడే కక్కేశాను. అప్పటినుంచి కారు తీసిన రోజు ఎనిమిదిన్నర లోపు చేరడం, లేకపోతే బైకు తీయడం నియమం పెట్టుకున్నాను. ఒక కారు ఆగే చోట నాలుగైదు బైకులు పడతాయి, అందుకే బైకుకి దాదాపు ఎప్పుడూ సందు దొరుకుతుంది.

హెల్మెట్ బండికే తాళం వేసుకునే వైరు ఒకటి కొనుక్కోండి. సెక్యూరిటీ తనిఖీ దగ్గర హెల్మెట్, లంచ్ బ్యాగు, లాప్‌టాప్ మూడూ మోస్తూ మెషిన్‌లో పెట్టి తీసుకోవడం రోజూ అయ్యే పని కాదు. లేడీస్ పార్కింగ్ ఎంత లోపల ఉంది, రాత్రి లైట్లు ఉన్నాయా అన్నది మీ ఆవిడకో అక్కకో చూపించి అడగండి. మగవాళ్ళం "బాగానే ఉంది" అనేసిన పార్కింగ్‌ని మా ఆవిడ ఒక్క చూపులో కొట్టేసింది. ఆమె చెప్పింది నిజమే, ఏడు దాటితే ఆ మూల చీకటి.

ఊరికి పోయేవాళ్ళకి ఇంకో మాట. శుక్రవారం సాయంత్రం బండి స్టేషన్లో పెట్టేసి మెట్రోలో మెజెస్టిక్ పోయి అక్కడ బస్సెక్కుదామని చాలామందికి ఆశ. రాత్రిళ్ళు ఉంచనిస్తారా, ఎంత తీసుకుంటారు అన్నది ముందే అడగాలి. రోజువారీ రేటు దానికి వర్తిస్తుందని అనుకోవద్దు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక మంచి సదుపాయం ఉంది. 2025 జనవరి నుంచి సోమవారాల్లో మెట్రో తెల్లవారుజామున 4:15కే మొదలవుతోంది. ఆదివారం రాత్రి కర్నూలులోనో కడపలోనో బస్సెక్కి మెజెస్టిక్ దగ్గర దిగినవాళ్ళకి ఇంతకు ముందు ఆటోవాళ్ళు చెప్పిందే రేటు. ఆదివారం తెల్లవారి దిగితే మాత్రం రైళ్ళు ఏడింటికి గానీ మొదలవవు.

బండే తీయకుండా

ఇల్లు స్టేషన్‌కి రెండు కిలోమీటర్ల లోపు ఉంటే బండి పార్కింగ్ గురించి ఆలోచించడమే దండగ. నడవండి. లేదా నగర బస్సు సంస్థ బీఎంటీసీ నడిపే ఫీడర్ బస్సు, అంటే మెట్రో స్టేషన్‌కి చేర్చే బస్సు, టైము చూసుకోండి. ఫీడర్ బస్సుల మీద ఫిర్యాదు ఒకటే, మనకి కావాల్సినప్పుడు రాదు, వద్దనుకున్నప్పుడు రెండొస్తాయి. అయినా పావుగంటకొకటి తిరిగే రూటు మీకు దొరికితే అంతకు మించింది లేదు. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్ళకి మామూలు బీఎంటీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ ఇది మన తెలుగు ఇళ్ళలో తరచూ గొడవయ్యే విషయం: ఆ పథకం కర్ణాటక నివాసులకే. ఆధార్‌లో ఇంకా తిరుపతి అడ్రసే ఉంటే కండక్టరు టికెట్ కొనమంటాడు. ఇక్కడే ఉండిపోయేవాళ్ళు అడ్రసు మార్పించుకుంటే, ఏసీ లేని ఫీడర్ ఖర్చు సున్నా అవుతుంది.

మెట్రోని మాత్రమే చూస్తూ మనం మర్చిపోయేది పాసింజరు రైలు. కుప్పం, మాలూరు వైపు నుంచి వచ్చే లోకల్ రైళ్ళు వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం స్టేషన్ల మీదుగానే సిటీకి పోతాయి. ఆ రెండు చోట్లా మెట్రో స్టేషన్ దగ్గర్లోనే ఉంది. హిందూపురం వాళ్ళు యలహంక మీదుగా యశవంతపుర చేరితే, అక్కడా మెట్రో రోడ్డు మీదే. కుప్పం స్టేషన్లో బైకు పెట్టి, సీజన్ టికెట్ తీసుకుని రోజూ వచ్చిపోయేవాళ్ళు ఎంతోమంది. పార్క్ అండ్ రైడ్ అనే మాట వినకముందు నుంచే వాళ్ళు చేస్తున్నది అదే. నెలకి అయ్యే ఖర్చు చూస్తే మిగతా లెక్కలన్నీ దీని ముందు దిగదుడుపే. రైలు తప్పితే తర్వాతది చాలాసేపటికి గానీ రాదు, అదొక్కటే చిక్కు.

ఊరి ట్రాఫిక్ తగ్గుతుందా?

మీటింగుల్లో, పేపర్లలో పార్క్ అండ్ రైడ్‌ని ట్రాఫిక్‌కి మందులా చెప్తారు. మన జేబుకి అది కలిసిరావడం వేరు, ఊరికి కలిసిరావడం వేరు. ఆరు బోగీల మెట్రో రైలు నిండితే దాదాపు రెండు వేల మంది. నాలుగు వందల కార్లు పట్టే పార్కింగ్ కట్టాలంటే ఎకరాల స్థలం, కోట్ల డబ్బు. ఆ కార్లలో వచ్చేది ఒక్కొక్కరే, అంటే రైలులో ఐదో వంతు. మిగతా జనమంతా నడిచో, బస్సులోనో, ఆటోలోనో వచ్చినవాళ్ళే. అదే స్థలంలో బస్సులు తిప్పితే ఒక్క గంటలో అంతకంటే ఎక్కువ మందిని దింపొచ్చు. ఇంకో చిక్కూ ఉంది. స్టేషన్ దగ్గర పార్కింగ్ చవకగా దొరికితే అంతకు ముందు బస్సులో వచ్చేవాడు కూడా కారు తీస్తాడు. అప్పుడు జామ్ ఎంజీ రోడ్డు నుంచి కాడుగోడికి మారుతుంది, అంతే. 1970ల నుంచే ఈ పద్ధతి నడుస్తున్న ఇంగ్లండులో పరిశోధకులు ఎత్తిచూపిన లోపం ఇదే.

బెంగళూరు ఇది ఒకసారి చేసి చూసింది కూడా. కేంద్ర ప్రభుత్వ నగరాభివృద్ధి పథకం జేఎన్ఎన్‌యూఆర్‌ఎం నిధులతో శాంతినగర, జయనగర, యశవంతపుర, బనశంకరి లాంటి చోట్ల బీఎంటీసీ టీటీఎంసీలు (ట్రాఫిక్ అండ్ ట్రాన్సిట్ మేనేజ్‌మెంట్ సెంటర్లు) అనే పెద్ద పెద్ద భవనాలు కట్టింది. కింద బస్సులు, పైన అంతస్తుల్లో పార్కింగ్, కార్లు అక్కడ పెట్టి బస్సెక్కండి అన్నది ఆలోచన. ఆ భవనాల్లో ఇప్పుడు మనకి ఎక్కువగా కనిపించేది అద్దెకిచ్చిన ఆఫీసులు, దుకాణాలు. నా ఉద్దేశంలో తప్పు భవనాలది కాదు, అవి ఉన్న చోటుది. శాంతినగర దాకా జామ్‌లో కారు నడుపుకుంటూ వచ్చినవాడు మిగిలిన నాలుగు కిలోమీటర్లకి బస్సెందుకు ఎక్కుతాడు? వాటినే హొసకోటెలో, నెలమంగలలో, అత్తిబెలెలో కట్టి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇంతకీ నేనేం చేస్తున్నానంటారా? వారంలో మూడు రోజులు ఆఫీసు. వానలు లేనప్పుడు రెండు రోజులు బైకు కాడుగోడిలో పెట్టి మెట్రో, ఒక రోజు మా బ్లాకులోని కడప తమ్ముడి కారులో కాడుగోడి దాకా, పార్కింగ్ డబ్బు నేను కడతాను. జూన్ నుంచి అక్టోబరు దాకా బైకు తీయను. ఇద్దరం పిల్లల్ని తీసుకుని ఎంజీ రోడ్డుకి షాపింగ్‌కి పోయే ఆదివారం మాత్రం నలుగురి టికెట్లు లెక్కేసుకుని, ఏమీ మొహమాటపడకుండా, కారులోనే పోతాం.